నా ఈడుదే ఆ కెప్టెన్

ఫుట్‌బాల్ అనగానే పేజీ తిప్పేయకండి వదినగారూ! ఇరవై రెండు మంది ఒక బంతి వెంటపడి పరుగెత్తడమేగా, మనకెందుకులే అనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. నేను చెప్పబోయేది ఆట గురించి కొంచెమే, ఆడిన మనిషి గురించే ఎక్కువ. ఆవిడ పేరు హొమారే సావా. జపాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌గా ఉండి 2011లో ప్రపంచకప్ గెలిపించింది. అంతకుముందు పెద్దవాళ్ళ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ని ఆసియా ఖండంలోని ఏ దేశమూ గెలవలేదు. ఆడవాళ్ళ జట్టూ గెలవలేదు, మగవాళ్ళ జట్టూ గెలవలేదు. ఆ ముచ్చట మొదట తీర్చింది ఆడపిల్లలే!

ఆవిడ గురించి నాకు చెప్పింది మా చిన్నది. మేము చీరాలలో ఉంటాం. మా చిన్నది ఈ ఏడాదే పదో తరగతి పరీక్షలు రాసింది. వాళ్ళ బడిలో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే మేడమ్ ఒకరున్నారు. ఆరో తరగతి నుంచీ ఆడుతోంది. మోకాళ్ళు గీరుకుపోయి, తెల్ల మేజోళ్ళు మట్టిరంగుకి తిరిగి ఇంటికొస్తుంది. వాటిని రాత్రే సబ్బు నీళ్ళలో నానేసి పొద్దున్నే బ్రష్షు పెట్టి రుద్దితేగానీ తెల్లబడవు. ఆ పని చేసుకుంటూ విన్న కబుర్లే ఇవన్నీ. తర్వాత నేనే కూర్చుని ఫోనులో పాత మ్యాచ్‌లు చూశాను, చదవగలిగినవి చదివాను.

ఇప్పుడు మా ఇంట్లో ఒక చర్చ నడుస్తోంది. ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీలో వేద్దామంటారు మావారు. అక్కడ పొద్దున ఐదింటి నుంచి రాత్రి పది దాకా చదువే. ఆడుకోవడానికి చోటు కూడా లేదు. "రెండేళ్ళేగా, తర్వాత ఎంత కావాలంటే అంత ఆడుకోవచ్చు" అంటారు. మా అత్తయ్యగారు ఆ మాట కూడా అనరు. "ఇంకా పరుగులేమిటమ్మా, పిల్ల ఎదిగింది" అంటారు. వాళ్ళు చెడు కోరి అనడం లేదు. మన ఇళ్ళల్లో అందరూ అనే మాటే అది. ఆ "రెండేళ్ళేగా" అన్న మాట విన్నప్పటి నుంచీ నేను సావా జీవితంలోని రెండేళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

సావా 1978 సెప్టెంబరు 6న టోక్యో మహానగర పరిధిలోని ఫుచూలో పుట్టింది. నేను 1979లో పుట్టాను. అంటే ఆవిడ నాకంటే ఒక్క ఏడాదే పెద్దన్నమాట. హొమారే అంటే వాళ్ళ భాషలో కీర్తి, గౌరవం అని అర్థమట. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్తుంటే వెనకాలే వెళ్ళి, మగపిల్లల క్లబ్బులో వాళ్ళతో కలిసి ఆట నేర్చుకుంది. పన్నెండేళ్ళకే టోక్యోలో యోమియురి బెలేజా అనే మహిళల జట్టులో చేరి, తనకంటే ఎంతో పెద్దవాళ్ళతో లీగు మ్యాచ్‌లు ఆడింది. 1993 డిసెంబరులో పదిహేనేళ్ళ వయసులో దేశం జట్టుకి మొదటిసారి ఆడింది. ఆ మొదటి మ్యాచ్‌లోనే ఫిలిప్పీన్స్ మీద నాలుగు గోల్స్ కొట్టింది!

అదే 1993లో నేను తొమ్మిదో తరగతి. టెన్నికాయిట్ ఆడేదాన్ని. మీకూ గుర్తుండే ఉంటుంది, నెట్టుకి ఇటూ అటూ నిలబడి రబ్బరు రింగు విసురుకునే ఆట. ఆడపిల్లల బళ్ళల్లో అప్పట్లో అదే పెద్ద ఆట కదూ! లంగా ఓణీ నడుముకి బిగించి ఆడేవాళ్ళం. జిల్లా పోటీల దాకా వెళ్ళాను. పదో తరగతి అయ్యాక ఇంట్లో ఎవరూ కోప్పడలేదు, మానేయమని గట్టిగా అనను కూడా అనలేదు. "ఇంక చాల్లేవే" అన్నారు, అంతే. ఆ రింగు చాలాకాలం మా పుట్టింట్లో గోడకున్న మేకుకి వేలాడేది. 1995 జూన్‌లో నేను ఇంటర్ పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాను. అదే నెలలో సావా స్వీడన్‌లో తన మొదటి ప్రపంచకప్ ఆడుతోంది. ఇద్దరం ఒక ఈడు పిల్లలమే, లోకాలే వేరు.

ఆవిడ ఆడే చోటు గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోల్స్ కొట్టేవాళ్ళు ముందుంటారు, ఆపేవాళ్ళు వెనకుంటారు. ఈవిడ మధ్యలో ఉంటుంది. మన ఇళ్ళల్లో పెళ్ళి బంతి లేచేటప్పుడు చూడండి, వంటశాలకీ విస్తళ్ళకీ మధ్య ఒక మనిషి తిరుగుతూ ఉంటుంది. ఏ వరసలో పప్పు రాలేదు, ఎవరి విస్తట్లో అన్నం అయిపోవచ్చింది, గారెల బుట్ట ఎటు పంపాలి, అన్నీ ఆవిడ కళ్ళల్లోనే ఉంటాయి. ఆవిడ లేకపోతే వంట ఎంత బాగున్నా బంతి నడవదు. సావా చేసేది అలాంటి పనే. అవతలివాళ్ళ కాలి కింద నుంచి బంతి లాక్కోవడం, అందించాల్సినవాళ్ళకి అందించడం, అవసరమైతే ముందుకెళ్ళి తనే గోల్ కొట్టడం. ఆవిడ పెద్ద పొడగరి కాదు, బలశాలీ కాదు. బంతి ఎక్కడ పడబోతోందో అందరికంటే ఒక క్షణం ముందు గ్రహించేదని అంటారు. మ్యాచ్‌లు చూస్తే మనక్కూడా తెలిసిపోతుంది ఆ సంగతి.

ఇలాంటి మనిషికి మొదటి నుంచీ పేరు ప్రతిష్ఠలు ఉండే ఉంటాయనుకుంటాం కదా? లేవండీ! జపాన్‌లో ఆడవాళ్ళ జట్లను నడిపింది చాలావరకు కంపెనీలు. 1990ల చివర్లో అక్కడ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందు ఏది తగ్గిస్తారు? మన ఇళ్ళల్లో లాగే, ఆడపిల్ల సరదానే కదా! కంపెనీలు ఒకటొకటిగా మహిళల జట్లను మూసేశాయి. జాతీయ జట్టు 1999 ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేక, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి అర్హత పోగొట్టుకుంది.

సావా అప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. ఆట మానేసి చదువుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆవిడ మాత్రం 1999లో చదువు వదులుకుని అమెరికా వెళ్ళింది. ఆడపిల్లల్ని చదువు మానిపించమని నేను చెబుతున్నానని అనుకోకండి, అది ఆవిడ తీసుకున్న నిర్ణయం. అక్కడ 2001లో ఆడవాళ్ళకి జీతాలిచ్చి ఆడించే లీగ్ మొదలైంది. అట్లాంటా జట్టులో మూడు సీజన్లు ఆడింది. 2003 సెప్టెంబరులో ప్రపంచకప్ ఇంకో ఐదు రోజుల్లో మొదలవుతుందనగా, డబ్బు చాలక ఆ లీగునే మూసేశారు. ఇంటి ముందు ముగ్గు వేస్తుంటే ఇల్లు అమ్మేశామని చెప్పినట్టుంటుంది కదండీ!

మళ్ళీ జపాన్ వచ్చి పాత క్లబ్బులోనే చేరింది. 2004 ఏప్రిల్ 24న టోక్యో నేషనల్ స్టేడియంలో ఉత్తర కొరియాతో మ్యాచ్. గెలిస్తే ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చు. ఓడితే మళ్ళీ సిడ్నీ కథే. ఉత్తర కొరియా అప్పట్లో వీళ్ళకి కొరకరాని కొయ్య. సావా మోకాలికి గాయం. ఆ మోకాలితోనే దిగింది. ఆట మొదలవగానే అవతలి అమ్మాయిని ఢీకొట్టి మరీ బంతి లాక్కుంది. దాంతో తక్కినవాళ్ళకి ధైర్యం వచ్చింది. 31 వేల మందికి పైగా చూస్తుండగా జపాన్ 3-0 తేడాతో గెలిచింది. జనం ఆడవాళ్ళ జట్టువైపు తలతిప్పి చూసింది ఆ రోజే అంటారు.

ఆ వేసవిలోనే జట్టుకి ఒక ముద్దుపేరు పెట్టండని జనాన్ని అడిగారు. వచ్చినవాటిలో నుంచి 'నదేషికో జపాన్' అన్న పేరు ఎంచుకున్నారు. నదేషికో అంటే సన్నటి గులాబిరంగు పువ్వు. వాళ్ళ దేశంలో ఉత్తమ ఇల్లాలిని, అణకువ గల ఆడదాన్ని ఆ పువ్వుతో పోలుస్తారు. మన దగ్గర కాళ్ళకి పసుపు రాసుకుని గడప దాటని ఇల్లాలి గురించి చెబుతారు చూశారా, దాదాపు అలాంటి పోలికే. ఆ పేరే తీసుకెళ్ళి కాళ్ళకి బూట్లు కట్టుకుని, మోచేతులు దోక్కుపోయేలా పరుగెత్తే ఆడపిల్లలకి పెట్టారు! నాకైతే భలే నచ్చింది. అణకువ అంటే మూల కూర్చోవడమని ఎవరు చెప్పారు? పడినా పైకి లేచి, పక్కదానికి బంతి అందించడం కూడా అణకువేగా.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ నాలుగో స్థానం దాకా వచ్చింది. కంచు పతకం కోసం జర్మనీతో ఆడబోయే ముందు సావా తోటి ఆటగత్తెలతో అన్న మాట జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కష్టమనిపించినప్పుడు నా వీపు చూడండి అందట. మన భాషలో వింటే వింతగానే ఉంటుంది. దాని భావం ఏమిటంటే, నేను ఆగకుండా పరుగెడుతూనే ఉంటాను, మీకు కాళ్ళు ఆడనప్పుడు ముందున్న నన్ను చూసుకుని పరుగెత్తండి అని. ఆ మ్యాచ్ ఓడిపోయారు. అయినా ఆ మాట విన్న అమ్మాయిలే మూడేళ్ళ తర్వాత ఆవిడ పక్కన నిలబడ్డారు.

ఇక 2011. ఆ ఏడాది మార్చి 11న జపాన్ ఈశాన్య తీరంలో భూకంపం, వెంటనే సునామీ. 15 వేల మందికి పైగా చనిపోయారు. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. సునామీ అంటే ఏమిటో సముద్రం ఒడ్డున ఉండే మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున, వాడరేవు వైపు నుంచి పిల్లల్ని చంకన వేసుకుని ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చినవాళ్ళ మొహాలు నేను మర్చిపోలేదు. మన తీరంలోనూ ప్రాణాలు పోయాయి. అందుకే జపాన్ దృశ్యాలు టీవీలో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ అణువిద్యుత్ కేంద్రాన్ని నడిపే కంపెనీకి ఒక మహిళల ఫుట్‌బాల్ జట్టు ఉండేది. జట్టులోని అమ్మాయిలు పగలు కంపెనీలో ఉద్యోగం చేసి, తర్వాత ఆట సాధన చేసేవాళ్ళు. ప్రమాదం తర్వాత ఆ జట్టు ఆగిపోయింది. వాళ్ళు సాధన చేసే మైదానాలు ప్రమాదాన్ని అదుపు చేసే సిబ్బందికి మకాం అయ్యాయి. ఆ జట్టులో ఆడుతున్న సమేషిమా, అంతకుముందు ఆడి వెళ్ళిన మరుయామా, ఇద్దరూ ఆ వేసవిలో ప్రపంచకప్ జట్టులో ఉన్నారు. ఇల్లు కాలిపోయినవాళ్ళు పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళారు జర్మనీకి. కెప్టెన్ సావా. వయసు 32.

మొదట న్యూజిలాండ్ మీద గెలిచారు. మెక్సికో మీద సావా ఒక్కతే మూడు గోల్స్ కొట్టింది. ఇంగ్లండ్ చేతిలో ఓడిపోయారు. తర్వాత క్వార్టర్ ఫైనల్లో జర్మనీ ఎదురైంది. సొంతగడ్డ, పైగా అంతకుముందు రెండుసార్లు వరసగా కప్పు గెలిచిన జట్టు. మ్యాచ్‌కి ముందు కోచ్ సాసాకి మన పిల్లలకి సునామీ తర్వాతి ఫోటోలు చూపించాడట. చూశారా, 'మన పిల్లలు' అని రాసేశాను! చూస్తూ చూస్తూ నాకు అలాగే అయిపోయింది లెండి. ఆ మ్యాచ్‌లో అదనపు సమయంలో సావా అందించిన బంతిని గోల్ కొట్టింది ఎవరనుకున్నారు? మరుయామా! ఫుకుషిమాలో ఉద్యోగం చేసిన అమ్మాయి.

సెమీఫైనల్లో స్వీడన్. సావా తన మనిషికి అందించబోయిన బంతి అవతలివాళ్ళకి దొరికి, పదో నిమిషంలోనే స్వీడన్‌కి గోల్ వచ్చింది. కెప్టెన్ పొరపాటు వల్ల జట్టు వెనకబడింది. ఆవిడ తల వంచుకుని నిలబడిపోలేదు. రెండో సగంలో తనే తలతో గోల్ కొట్టి జట్టును ముందుకు తెచ్చింది. 3-1తో గెలిచారు. మన ఇళ్ళల్లో ఒకరోజు పప్పు మాడితే వారం రోజులు దాన్నే తలుచుకుని కుమిలిపోతాం. మాడిన గిన్నె పక్కన పెట్టి ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టాలని ఆవిడని చూసి నేర్చుకోవచ్చు.

జులై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫైనల్. ఎదుట అమెరికా. అప్పటికి ఆ రెండు జట్లు 25 సార్లు ఆడితే జపాన్ ఒక్కసారీ గెలవలేదు. ముందు అమెరికా గోల్ కొట్టింది. ఇంకో తొమ్మిది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా మియామా సమం చేసింది. అదనపు సమయంలో అమెరికా మళ్ళీ ముందుకెళ్ళింది. ఇంకో మూడు నిమిషాలే మిగిలాయి. ఎడమవైపు మూల నుంచి మియామా బంతిని తన్నింది. సావా ఆ గుంపులో నుంచి గోల్ దగ్గరగా, పక్కకి దూసుకొచ్చి, గోల్‌కి దాదాపు వీపు పెట్టి, పాదం బయటివైపుతో బంతిని అలా తాకించింది. అంతే, 2-2! నేను ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు చూశానో. ప్రతిసారీ ఇది గోల్ అవ్వదేమో అనే అనిపిస్తుంది.

తర్వాత పెనాల్టీలు. జపాన్ గోల్‌కీపర్ కైహోరి మొదటి బంతినే కాలితో ఆపేసింది. 20 ఏళ్ళ కుమగాయ్ చివరి బంతిని గోల్‌లోకి కొట్టింది. 3-1తో జపాన్ గెలిచింది. సావాకి పెనాల్టీ కొట్టే అవసరమే రాలేదు. టోర్నమెంట్ మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టింది ఆవిడే, ఐదు. ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ ఆవిడదే. ఆ రోజుల్లో మ్యాచ్‌లు అయ్యాక ఆ అమ్మాయిలు ఒక పెద్ద బ్యానర్ పట్టుకుని మైదానం చుట్టూ నడిచేవారు. తమ కష్టంలో తోడున్న ప్రపంచంలోని స్నేహితులందరికీ కృతజ్ఞతలు అని దాని మీద రాసి ఉంది. కప్పు వచ్చినంత మాత్రాన పోయినవాళ్ళు తిరిగిరారు, కూలిన ఇళ్ళు లేవవు. అయినా శిబిరాల్లో ఉన్నవాళ్ళకి ఆ తెల్లవారుజామున నవ్వుకోవడానికి ఒక కారణం దొరికింది. చావు జరిగిన ఇంటికి పక్కింటివాళ్ళు క్యారేజీలో అన్నం తెచ్చిపెడతారు చూశారా, అలాంటి సాయం అది.

ఇక అప్పుడు వచ్చిందండీ పేరు! వందల్లో జనం వచ్చే మహిళల లీగ్ మ్యాచ్‌లకి వేలల్లో రావడం మొదలైంది. ఆగస్టులో ప్రభుత్వం జట్టు మొత్తానికి జాతీయ గౌరవ పురస్కారం ఇచ్చింది. అంతవరకూ వ్యక్తులకే ఇచ్చిన ఆ పురస్కారం ఒక జట్టుకి ఇవ్వడం అదే మొదలు. 2012 జనవరిలో జూరిచ్‌లో, 2011 సంవత్సరానికి ప్రపంచ ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా సావాని ప్రకటించారు. అంతకుముందు ఐదేళ్ళు వరసగా ఆ బహుమతి బ్రెజిల్ మార్తాదే. అదే వేదిక మీద మగవాళ్ళలో మెస్సీ అందుకున్నాడు. సావా కిమోనో కట్టుకుని వెళ్ళింది. అన్ని గౌన్ల మధ్య ఆవిడ కిమోనో చూస్తే, మనవాళ్ళెవరో పట్టుచీర కట్టుకుని వెళ్ళినంత సంతోషమేసింది నాకు.

పేరు వచ్చింది కాబట్టి అన్నీ చక్కబడ్డాయనుకునేరు. అదే ఏడాది లండన్ ఒలింపిక్స్‌కి బయలుదేరినప్పుడు, విమానంలో మగవాళ్ళ జట్టుకి ఖరీదైన బిజినెస్ క్లాసు సీట్లు. ప్రపంచ విజేతలైన ఆడవాళ్ళకి వెనక ఉండే చౌక సీట్లు! వయసులో చూసినా మేమే పెద్దవాళ్ళం కదా అని సావా నవ్వుతూనే చురక వేసింది. లండన్‌లో ఆడవాళ్ళు వెండి పతకం తెచ్చారు. మగవాళ్ళు నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆడవాళ్ళకీ ముందు సీట్లు ఇచ్చారు. అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే మనకి ఈ కథ కొత్తేమీ కాదు. కాకపోతే ఆవిడలా నవ్వుతూ ఒక మాట అనడం మనమూ అలవాటు చేసుకోవాలి.

ఆ లండన్‌కి ముందు ఇంకో గండం వచ్చింది. 2012 మార్చిలో పోర్చుగల్‌లో మ్యాచ్‌లు ఆడటానికి వెళ్ళినప్పుడు సావాకి ఉన్నట్టుండి కళ్ళు తిరగడం మొదలైంది. చెవి లోపల తేడా వల్ల వచ్చే తలతిప్పుడు. మన వయసువాళ్ళలో చాలామందికి తెలుసు ఆ బాధ. పక్కకి తిరిగి పడుకుంటే మంచం గిర్రున తిరిగినట్టుంటుంది. అలాంటి మనిషి పరుగెత్తి, బంతిని తలతో కొట్టాలంటే ఎలా? కొంతకాలం ఆటకి దూరంగా ఉండి, కోలుకుని, నాలుగు నెలల్లో ఒలింపిక్స్ ఆడింది.

2015లో కెనడా ప్రపంచకప్ ఆవిడకి ఆరోది. అప్పటికి ఆరు ప్రపంచకప్‌లు ఆడినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే, ఈవిడా, బ్రెజిల్ ఫోర్మిగా. మగవాళ్ళలో అప్పటికి ఒక్కరూ లేరు. కెప్టెన్ బాధ్యత మియామాకి ఇచ్చి, ఈవిడ చాలా మ్యాచ్‌ల్లో పక్కన కూర్చుని, పిలిచినప్పుడు దిగింది. నిన్నటిదాకా తాళాలగుత్తి మన బొడ్లో ఉండి, కోడలికి అప్పగించాక వంటింట్లో ఉల్లిపాయలు తరిగి పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆవిడ మొహంలో ఆ కష్టం కనపడనివ్వలేదు. ఫైనల్లో అమెరికా చేతిలో ఓడిపోయారు. ఆ ఆగస్టులో పెళ్ళి చేసుకుంది, 36 ఏళ్ళ వయసులో. డిసెంబరులో ఆట విరమిస్తున్నానని చెప్పింది. మనసూ శరీరమూ రెండూ కలిసి ఆ పైస్థాయిలో ఆడటం కష్టమవుతోందని చెప్పింది. ఎవరూ పొమ్మనలేదు. ఎప్పుడు ఆపాలో ఆవిడే నిర్ణయించుకుంది.

ఆఖరి మ్యాచ్ 2015 డిసెంబరు 27న, ఎంప్రెస్ కప్ ఫైనల్. 20 వేల మందికి పైగా వచ్చారు. కోబె జట్టుకి ఆడుతున్న సావా, చివర్లో మూల నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టి గోల్ చేసింది. మ్యాచ్‌లో అదొక్కటే గోల్! సినిమాలో చూపిస్తే నమ్మం. దేశం తరఫున మొత్తం 205 మ్యాచ్‌లు, 83 గోల్స్. ఆవిడ ఆట ముగించేనాటికి జపాన్‌లో మగవాళ్ళకి కూడా లేని లెక్కలవి. 2017 జనవరిలో ఆవిడకి ఆడపిల్ల పుట్టింది.

పేరు సంగతి మళ్ళీ చెప్పాలి. ఆవిడ వెళ్ళిపోయిన మరుసటి ఏడాదే జపాన్ జట్టు రియో ఒలింపిక్స్‌కి అర్హత పొందలేకపోయింది. వచ్చిన జనం కొంత తగ్గారు. 2023 ప్రపంచకప్‌ని జపాన్‌లో టీవీలో చూపిస్తారో లేదో, మొదలవడానికి ఒక వారం ముందు దాకా తేలలేదు. కప్పు గెలిచిన దేశంలోనే! అయినా ఆడవాళ్ళకి జీతాలిచ్చి ఆడించే సొంత లీగ్ 2021లో అక్కడ మొదలైంది. పేరు చుట్టం లాంటిది, వస్తుంది, పోతుంది. ఆవిడ ఆడిన ఏళ్ళ వల్ల తర్వాతివాళ్ళకి ఒక దారి మాత్రం మిగిలింది.

ఇప్పుడు నా లెక్క చెబుతాను. పన్నెండేళ్ళకి పెద్దవాళ్ళ లీగులో అడుగుపెట్టిన 1991 నుంచి ప్రపంచం గుర్తించిన 2011 దాకా ఇరవై ఏళ్ళు. అందులో ఎవరూ పట్టించుకోని ఏళ్ళే ఎక్కువ. పదిహేను నుంచి పదిహేడు దాకా ఆ "రెండేళ్ళేగా" అని ఆపేసి ఉంటే? మొదటి ప్రపంచకప్ ఆడింది ఆ రెండేళ్ళలోనే. కంపెనీలు జట్లు మూసేసినప్పుడు రెండేళ్ళు ఆగుదాం అనుకుని ఉంటే? అమెరికా లీగ్ మూతపడ్డప్పుడు? ఆగిన రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టిన ఆడపిల్లలు మన వీధిలో ఎంతమంది ఉన్నారో చెప్పండి. సంగీతం కానివ్వండి, కూచిపూడి కానివ్వండి, బొమ్మలు గీయడం కానివ్వండి. నాకైతే ఒక్కరూ గుర్తు రావడం లేదు.

మా చిన్నది సావా అవుతుందని నాకు భ్రమ లేదు. మన తెలుగునేల మీద కూడా దారి లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత జట్టుకి ఆడింది, 2022లో క్రొయేషియా దేశపు క్లబ్బుకి ఆడటానికీ వెళ్ళింది. అంత దూరం వెళ్ళకపోయినా సరే. ఆడే పిల్లకి ఆకలి బాగా వేస్తుంది, నిద్ర బాగా పడుతుంది, ఓడిపోయి ఇంటికొచ్చి మర్నాడు మళ్ళీ వెళ్ళడం తెలుస్తుంది. ఆ చివరిది ఏ కోచింగులోనూ చెప్పరు.

మావారితో కూర్చుని మాట్లాడాను. హాస్టల్ కాలేజీ వద్దు, ఊళ్ళోనే చదివిద్దామన్నాను. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా మైదానం, తర్వాత చదువు. మార్కులు తగ్గితే ఏం చేస్తావన్నారు. తగ్గితే చదువు వేళలు మార్చుకుందాం, ఆట వేళ మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఆయన ఇంకా ఊ అనలేదు, ఉహూ అనీ అనలేదు. కాలేజీలో చేర్చడానికి ఇంకో మూడు వారాల గడువుంది. అత్తయ్యగారికి మాత్రం మొన్న ఆ ఫ్రాంక్‌ఫర్ట్ గోల్ చూపించాను. "ఏదీ, మళ్ళీ పెట్టు" అన్నారు!

మీ ఇంట్లోనూ ఈ వేసవిలో ఇలాంటి చర్చ నడుస్తుంటే, ఆడపిల్ల బూట్లో, గజ్జెలో, వీణో అటక ఎక్కించే ముందు ఒక్కసారి ఆగండి. మీ అమ్మాయి చేసేది ఎవరూ చూడటం లేదని, ఎవరూ మెచ్చుకోవడం లేదని ఆపేయకండి. ఎవరూ చూడకపోతే మనం చూద్దాం. ఏమంటారు?